తట్ట వచ్చిన వేసవి

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న నాకొక ఫోటో చూపించారు. కొండల నడుమ చెరువు, ఒడ్డున నారింజరంగు గుడారాలు, వాటి ముందు మడత కుర్చీలు. "శనివారం పొద్దున్నే అడవిదారిలో నడక మేడమ్, సాయంత్రానికి చెరువు గట్టున మకాం. మీరు నడవగలరా?" అని అడిగారు. నడవగలనా అట! ముప్పైకి దగ్గరపడినవాళ్లకు మోకాళ్లుండవని వీళ్లకెవరు చెప్పారో. ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేసి చూశాను. నీళ్లలోకి వంగిన నల్లబండ, దాని పక్కన నేరేడు చెట్టు.

"ఈ దారి నాకు తెలుసర్రా" అన్నాను. "ఏ గ్రూపుతో వెళ్లారు మేడమ్?" అన్నారు. "ఎండుచేపల గ్రూపు" అన్నాను. జోకనుకుని పకపకా నవ్వారు.

జోకు కాదు. మాది సముద్రపొడ్డు ఊరు. ఏటా ఎండాకాలంలో వేట నిషేధం వచ్చేది. చేపలు గుడ్లు పెట్టే రోజులు, పడవలన్నీ ఇసకలోకి లాగేసేవారు. మగవాళ్లు సరుగుడు చెట్ల కింద వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, ఉత్తి పుణ్యానికి తగువులాడుకుంటూ గడిపేవారు. ఆడవాళ్లకు మాత్రం అప్పుడే పని. అంతకుముందు నెలల్లో ఎండబెట్టి దాచిన మెత్తళ్లు, కవ్వళ్లు, ఎండురొయ్యలు తట్టలకెత్తుకుని కొండలమీదికి వెళ్లి, చింతపండుకీ పసుపుకీ చీపుళ్లకీ మార్చుకొచ్చేవారు. ఇదేమీ మరీ పాతకాలం కాదు. అప్పటికే మా ఊళ్లో ఇంటికో సెల్‌ఫోనుండేది. అయినా ఆ లోకం ఇప్పుడు లేదు, ఎక్కడ వెతికినా దొరకదు.

ఆ కొండదారిలో మా ఊరి ఆడవాళ్లందరికీ మా మామ్మే ముందు. మామ్మ అంటే మా నాన్న తల్లి. పొట్టి మనిషి, నల్లటి నలుపు, నెత్తిమీద నిండు తట్ట పెట్టుకుని చెయ్యి వెయ్యకుండా నడిచేది. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే ఎత్తు ఎక్కేది, ఎక్కుతూనే మాట్లాడేది. నోట్లో నిప్పుండగా మాటెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి నేను కూడా ప్రయత్నించి నాలుక కాల్చుకున్నాను. మామ్మ తిట్టలేదు, "నిదానం గుంటా, ముందు పళ్లు ఊడాల" అంది.

మామ్మకు కొండమీద ఒక నేస్తం ఉండేది. నేస్తం అంటే మామూలు స్నేహితురాలు కాదు. మావైపు నేస్తం కట్టడమంటే చుట్టరికం కలుపుకోవడమే. నేస్తం మొగుడు బావ అవుతాడు, నేస్తం పిల్లలు మన పిల్లలవుతారు. నేస్తం పేరు మాత్రం చచ్చేదాకా నోటితో పలకకూడదు. మామ్మకు కొత్తగా పెళ్లైన రోజుల్లో ఆ చెరువు గట్టున మకాం చేసినప్పుడు చలిజ్వరం తగిలిందట. తోడొచ్చినవాళ్లు వదిలేసి దిగిపోతే, పైన సవరపల్లెలో ఒక పడుచు తన ఇంట్లో పడుకోబెట్టి, సోడిఅంబలి తాగించి బతికించింది. లేచి కూర్చున్న రోజున ఇద్దరూ ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగి నేస్తం కట్టుకున్నారు. "ఆవిడ పేరేటి మామ్మా?" అని నేను అడిగితే నా నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసింది. ఆ పేరు నాకు ఈరోజుకీ తెలీదు.

ఏడాదికొకసారి చూసుకునేవారు, అంతే. చేపల తట్ట మామ్మ అక్కడ వదిలేసి, నేస్తం అల్లిన తట్టలో కొండసరుకు దించుకొచ్చేది. మళ్లీ ఏడాది దాకా ఈవిడ తట్ట ఆవిడింట్లో, ఆవిడ తట్ట మా ఇంట్లో. ఆ తట్టల వెనక వాళ్లిద్దరికీ ఇంకో ఒప్పందం కూడా ఉందని, ఇంట్లో చెడు జరిగితే కబురుగా అవతలివాళ్ల తట్ట పంపించెయ్యాలని, అది అందినామె ఉన్నపళంగా బయల్దేరాలని మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. చెడ్డమాట నోటితో అనుకోవడం ఇష్టంలేక తట్టతో సరిపెట్టుకున్నారు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అవసరం పడలేదు కాబట్టి మామ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది తట్ట వచ్చింది.

వచ్చినప్పుడు మామ్మ ఊళ్లో లేదు. మా పెద్దత్త పురుడు పొయ్యడానికి ఇంకో ఊరు వెళ్లింది. సంతల చుట్టూ తిరిగే వేన్ అతను ఎవరో ఇచ్చారని తట్టను మా వాకిట్లో పడేసి వెళ్లిపోయాడు. మా అమ్మ చూసింది. నీలం వలతాడుతో అంచు కట్టిన తట్ట, మా అత్తగారిదే కదా, తిరిగొచ్చింది కాబోలు అనుకుంది. సరిగ్గా అప్పుడే మా నల్లకోడి పొదుగుకు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ వంటింట్లోకి దూరి పీకల మీదికి తెస్తోంది. అమ్మ తట్టలో గడ్డి వేసి, గుడ్లు పేర్చి, కోడిని కూర్చోబెట్టింది. నేను రోజూ బళ్లోంచి రాగానే దాని కిందకి చెయ్యిపెట్టి గుడ్లు తడిమి, చేతిమీద పొడిపించుకునేదాన్ని.

మామ్మ తిరిగొచ్చేసరికి పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటకొస్తున్నాయి. నూకలు చల్లడానికి వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

"ఈ తట్ట ఎప్పుడొచ్చినాదే?" అంది.

"మీరెల్లిన రెండో మూడో రోజే అత్తా. మంచి తట్ట గదాని కోడినెట్టినాను" అంది అమ్మ.

మామ్మ అక్కడే నేలమీద కూలబడింది. "ఓలమ్మో, కొంప ములిగిపోనాదే! అక్కడెవలో పోయారే! కబురంపితే కోడినెట్టినావేటే!" అని నెత్తి కొట్టుకుంది. అప్పుడు గానీ ఆ ఒప్పందం సంగతి మాకు తెలీలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. నాన్న ఇసక దులుపుకుంటూ వచ్చి విషయం విని, "ఫోన్ సేసి కనుక్కుందాంలే అమ్మా" అన్నాడు. "ఎవలికిరా? ఆ కొండమీద ఫోనేది?" అంది మామ్మ. "పోనీ ఆ వేనోడికి సెప్తే ఎల్లి కనుక్కొస్తాడు" అన్నాడు. "నా బదులు వేనోడు ఎల్లి ఏడుస్తాడేటిరా?" అని అరిచింది. మా నాన్న పెద్ద అలలకు భయపడని మనిషి, ఆ అరుపుకు మాత్రం తల దించుకున్నాడు.

అమ్మ పిల్లల్ని పక్కకు తీసి తట్ట కడగబోతే మామ్మ ఒప్పుకోలేదు. "పసిపిల్లల్తో ఉన్నదాన్ని లేపకూడదే. దానిదేం తప్పు" అంది. అంత దుఃఖంలోనూ కోడి మీద జాలి పోలేదు ఆ మనిషికి.

తెల్లారి బయల్దేరాం. మామ్మ, మా చిన్నత్త, నేను. చిన్నత్తను మా ఊళ్లోనే ఇచ్చారు, బలమైన మనిషి, నోరు ఇంకా బలమైనది. నాకు బడి సెలవులు. నేస్తం అల్లిన తట్టలోనే మామ్మ చేపలు సర్దింది. చేపలతో పాటు ఏటా నేస్తానికి ఒక చీర, బావకు పొందూరు కండువా తీసుకెళ్లడం అలవాటు. ఎవరు పోయారో తెలీదు కదా, ఏ చీర పెడతావని చిన్నత్త అడిగింది. మామ్మ ఎప్పట్లాగే ఎర్రంచు చీర, కండువా మడతపెట్టి పైన వేసింది. "సూడకుండానే సెడ్డెందుకు అనుకోవాల" అంది.

శ్రీకాకుళంలో బస్సు మారితే కండక్టరు తట్టలు చూసి ముక్కు మూసుకున్నాడు. "కంపమ్మా, లోనకొద్దు, పైనెయ్యండి" అన్నాడు. "రేత్రి నీ పెళ్లాం పులుసెడితే కంపు నేదేటి బాబూ? గిన్నె నాకీసుంటావు" అంది మామ్మ. బస్సంతా నవ్వింది, అతనూ నవ్వాడు, తట్టలు లోపలికే వచ్చాయి. ఆమదాలవలస దగ్గర రైలుగేటు పడితే చిన్నత్త నాకు బఠాణీలు కొనిపెట్టింది. అప్పటిదాకా అందర్నీ నవ్వించిన మామ్మ, బస్సు పాలకొండ దాటి కొండలు కనబడ్డాక మరి నోరు తెరవలేదు.

కొండ మొదట్లో బస్సు దిగితే ఇక నడకే. మొదట జీడితోటలు, నేలంతా రాలిన జీడిపళ్ల పులిసిన వాసన. తరవాత అడవి. ఎండిన ఆకులమీద అడుగు పడితే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఎక్కడో పనస పండి ఆ వాసన దారికడ్డంగా నిలబడేది, కాస్త ముందుకెళ్తే పోయేది. తునికిపళ్లు కోసుకుని తిన్నాను, గింజలు చిన్నత్త వీపుకేసి ఉమ్మాను. తట్ట దించి అలుపు తీర్చుకున్నచోట మామ్మ వెనకనుంచి తట్ట సందుల్లో వేలు దూర్చి ఎండురొయ్యలు లాగి నమిలాను. ఆ ఉప్పుకు నాలుక పిడచకట్టుకుపోయి నీళ్లడిగితే, మామ్మ వెనక్కి తిరగకుండానే "రొయ్యల మీద నీళ్లు తాగు, కడుపులో మళ్లీ ఈదుతాయి" అంది. వీపుకు కళ్లుండేవి ఆవిడకి.

మోదుగ చెట్ల దగ్గర నిట్టనిలువు ఎత్తు. అక్కడ పడుచు మగాళ్లే చేతులు నేలకానించి ఎక్కుతారు. మామ్మ మెడ నిటారుగా పెట్టి, పాదం అడ్డంగా వేసి, రాయి రాయికీ ఒక క్షణం ఆగి ఎక్కింది. తట్ట వణకలేదు. అలాంటి మనిషి నా మామ్మ అయినందుకు నాకు గర్వంతో ఏడుపొచ్చింది. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే "కల్లు తాగినావేటే" అనేది.

ఎదురుగా పైనుంచి దిగేవాళ్లు అప్పుడప్పుడు కనబడుతున్నారు, చీపుళ్ల కట్టలతో, అడ్డాకుల మోపులతో. మామ్మను గుర్తుపట్టి కొందరు తల ఊపుతున్నారు. "ఈళ్లనడిగీయొచ్చు కదమ్మా, ఎవలు పోయారో" అంది చిన్నత్త.

"దారిలో అడిగీది కాదది. నేస్తం నోటితో ఇనాల."

"నేస్తమే పోయుంటేనో?"

చిన్నత్త నోరు అలాంటిది. మామ్మ ఆగింది. చుట్ట తీసి పారేసింది. మళ్లీ నడక మొదలెట్టాక, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టుగా అంది.

"అది కాకపోతే సాలు, ఇంకెవలైనా పర్నేదు అనుకుంటన్నానే. దాని మొగుడో, కొడుకో, మనవడో. పొద్దుట్నించీ అదే మొక్కుకుంటన్నాను. ఎంత పాపమో సూడు."

నాకు భయమేసింది. మామ్మ చీర కొంగు పట్టుకుని నడిచాను. మామ్మ వద్దనలేదు.

చివరి ఎత్తు దిగితే చెరువు. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు కదలకుండా. మా సముద్రం ఒక్క నిమిషం నోరు మూసుకోదు, ఇదేమో ఊపిరి కూడా తీసుకోదు. తామరాకుల మీద చిన్నచిన్న పిట్టలు నడుస్తున్నాయి. నేను మొదటిసారి చూసి "ఉప్పగా ఉంటాదా?" అని అడిగానట, కొండవాళ్లు ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. నల్లబండ పక్కన నేరేడు నీడలో మకాం. ఏటా మేం వచ్చే వేళకు అక్కడ పచ్చి కొమ్మలతో పాక వేసి ఉండేది. లోపల ఆకుల పరుపు, బయట మూడు పొయ్యిరాళ్లు, పక్కన ఎండుకట్టెల మోపు. అవన్నీ నేస్తం మొగుడి పని. ఆయన చేసి పెట్టి వెళ్లిపోయేవాడు, మేం వచ్చాక కనబడేవాడు కాదు. సిగ్గు మనిషి.

ఆ రోజు అక్కడ పాక లేదు. కిందటేటి గుంజలు రెండు వంకరగా నిలబడి ఉన్నాయి.

తట్ట దించడానికి నేనూ చిన్నత్తా చేతులు చాచాం. మామ్మ దించనివ్వలేదు. నెత్తిమీద బరువుతో ఆ గుంజలకేసి చూస్తూ నిలబడింది.

"బావ ఎలిపోనాడు" అంది.

"నీకెలా తెలుసే?" అంది చిన్నత్త.

"నేస్తమే పోయుంటే బావ పాక ఏసీవోడే. ఏడుస్తానైనా ఏసీవోడు."

ఆ ముఖంలో ఏడుపూ, బతికిపోయానన్న ఊరటా ఒక్కసారే చూశాను. రెండూ ఒకే ముఖంలో పడతాయని అంతకుముందు నాకు తెలీదు. తట్ట దించాక కాసేపు కళ్లనీళ్లు కారనిచ్చి, ముక్కు చీది, "లెగండే, పాక ఏద్దాం. బావ నేడని ఎండలో కూకుంటామేటి" అంది. మేం కొమ్మలు విరిచి తెచ్చాం. చిన్నత్త వలముడులు వేసి గట్టిగా బిగించింది. అయినా పాక మా ఊరి పడవలాగా ఒకవైపు ఒరిగిపోయింది. మామ్మ దానిచుట్టూ తిరిగి చూసి, "బావ సూస్తే తలకొట్టుకునీవోడు" అంది.

మెత్తళ్లు వేయించి, రాలిన కొండమామిడికాయలు కోసి పులుసు పెట్టింది. ఆ వాసన నీళ్లమీదుగా పైకి పోయింది. కాసేపటికి పల్లెల్లోంచి జనం దిగారు. దోసిళ్లకొద్దీ పసుపుకొమ్ములు, బుట్టల్లో చింతపండు, కందులు. చేపలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, బాగుందని తల ఊపి తీసుకున్నారు. అందరూ మామ్మను పలకరించారు గానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. "నేస్తం వస్తాదా?" అని చిన్నత్త అడిగితే, ఒక ముసలాయన నీళ్లకేసి చూసి, "కోపం మీదుంది" అన్నాడు, అంతే. పొద్దు వాలింది. మంచి మెత్తళ్లు, పెద్ద రొయ్యలు ఏరి మామ్మ ఆకులో కట్టి పక్కన పెట్టింది. "అవీ మార్చీయమ్మా, ఆవిడ రాకపోతే ఏం సేస్తాం?" అంది చిన్నత్త. "రాకపోతే సెరువులో పారేస్తాను. నువ్వు ముట్టుకోకు" అంది మామ్మ. పులుసు అద్భుతంగా కుదిరింది, నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. మామ్మ మెతుకు ముట్టలేదు.

పొద్దున్న లేచేసరికి నల్లబండ మీద ఒకావిడ మాకు వీపుపెట్టి కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు ముడి విప్పేసి ఉంది. మామ్మ లేచి వెళ్లి కాస్త దూరంలో నిలబడింది. వాళ్లిద్దరి మధ్యా ఎప్పుడూ ఒక కలగూర భాష నడిచేది, ఈవిడ తెలుగులో కొంత, ఆవిడ సవరలో కొంత. ఆ పొద్దున మాత్రం ఆవిడ మాట్లాడిందంతా తెలుగే. మామ్మకు ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదని కాబోలు.

"ఇప్పుడా వచ్చీది?" అంది వెనక్కి తిరక్కుండా. "ఇప్పుడా నీకు దారి దొరికినాది? తట్ట ఎప్పుడంపినాను? మా ముసిలోడు మంచం మీదున్నప్పుడే అడిగినాడు, నేస్తం వచ్చినాదా అని. వస్తాదన్నాను. పోయినాక పల్లంతా అడిగినారు. సముద్రం కాణ్నించి వస్తాది, మా నేస్తం వస్తాది, ఆగండి అన్నాను. ఎన్నిసార్లు ఈ బండకాడికి దిగినానో ఎరికేటి నీకు? నా మొగం ఎక్కడెట్టుకోవాల? నీకు జొరమొస్తే నా మొగుడు కొండ దిగి మందు తెచ్చినాడు. ఆడు పోతే నీకు కాళ్లు రానేదేటి? సేపలమ్ముకోడానికి మాత్రం కాళ్లొచ్చినాయేటి?"

ఇంకా చాలా అంది. మామ్మ చేతులు కట్టుకుని నిలబడింది. బస్సు కండక్టర్ని, మా నాన్నని, ఊరి పెద్దల్ని మాటతో కూర్చోబెట్టే మామ్మ ఒక్క మాట తిరిగి అనలేదు. చిన్నత్త పళ్లు కొరుకుతోంది. నాకు పట్టలేదు. అంత పెద్ద మామ్మను అన్నేసి మాటలా!

"మామ్మ తప్పు కాదు! మా అమ్మ ఆ తట్టలో కోడినెట్టీసినాది!" అని అరిచేశాను.

మామ్మ పరుగున వచ్చి నా నోరు మూసింది. ఆవిడ మాత్రం మొదటిసారి ఇటు తిరిగింది.

"ఏటి?"

"కోడి" అన్నాను మామ్మ వేళ్ల సందుల్లోంచి. "మామ్మ ఊళ్లో నేదు. గుడ్లెట్టి పొదగేసినాది మా అమ్మ."

ఆవిడ నావంక, మామ్మవంక మార్చి మార్చి చూసింది. "నా కబురు మీదా?" అంది. మామ్మ తల దించుకుని అవునని ఊపింది.

"పిల్లలయ్యాయా?"

"అయ్యాయి" అంది మామ్మ, ఏడుపు గొంతుతో. "ఒక్క గుడ్డూ మురగనేదు నేస్తం."

ఆవిడ పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. కాదు, నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేక, బండమీద చరిచి చరిచి నవ్వింది. "ఓలమ్మో, ముసిలోడింటే నవ్వి నవ్వి సచ్చీవోడు!" అంది. అన్న మాట తనకే వినబడింది. నవ్వు అక్కడే తెగిపోయింది. మామ్మ వెళ్లి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మెడమీద ఒకరు పడి ఏడ్చారు, చెరువు చుట్టూ కొండలు మళ్లీ మళ్లీ ఏడ్చేంతగా. నీళ్లలో పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పల్లెలోంచి మనుషులొచ్చి దూరంగా నిలబడ్డారు. అప్పుడు మామ్మ తలెత్తి, బావా, బావా, పాకేసి పెట్టీ బావా అని వరస పట్టి ఏడ్చింది. అది వినడానికే వాళ్లంతా దిగొచ్చారు. మా నేస్తం వస్తాది అని ఆవిడ చెప్పిన మాట నిలబడింది.

కండువా ఎవరికివ్వాలో తెలీక మామ్మ చేతిలో పట్టుకుని తికమకపడుతుంటే ఆవిడే తీసుకుని తన భుజాన వేసుకుంది. మా ఒరిగిపోయిన పాక చూసి, "దీన్ని ఎవలు కట్టినారు, కోడా?" అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే ఆకులో అన్నం పెట్టుకుని, మెత్తళ్లు నంజుకుని తిన్నారు.

దిగేటప్పుడు నేను మామ్మను నిలదీశాను. అన్ని మాటలంటుంటే ఎందుకూరుకున్నావు, అసలు సంగతి ముందే చెప్పెయ్యొచ్చు కదా అని.

"పిచ్చి గుంటా. దారి పొడుగునా నాను దేనికి బయపడ్డానో ఎరికేటి? సాపేసి, నీళ్లిచ్చి, బాగున్నావేటమ్మా అంటాదేమోనని. అలగంటే ఇక నాను పరాయిదాన్నే. తిట్టినాది గదా, అప్పుడే నా పానం కుదుటపడ్డాది. ఆలీసంగా వచ్చినోళ్లని ఇంటోళ్లే తిడతారే, పైవోళ్లు తిట్టరు" అంది. చుట్ట వెలిగించి నిప్పు నోట్లోకి తిప్పుకుంది. ఆ దిగుడులో మామ్మ పాట కూడా పాడింది, చిన్నత్త చెవులు మూసుకుంది.

తరవాత ఇంకో రెండు మూడు వేసవులు వెళ్లాం. ఆపైన కొండమీదికి తారురోడ్డు పడింది. ఎండుచేపలు వేన్లో పోయాయి, చింతపండు వేన్లో వచ్చింది. నేస్తం మనవడికి ఫోనొచ్చింది. "ఇనబడతన్నాదా నేస్తం?" అని ఈవిడ ఇక్కడ అరిచేది, ఆవిడ అక్కడ అరిచేది, ఇద్దరికీ వినబడేది కాదు, ఇద్దరూ సంతోషించేవారు. ఆ దారిలో నడవడం మానేశాక మామ్మ మోకాళ్లు నొప్పులు మొదలెట్టాయి. నడిచినన్నాళ్లూ ఒక్క నొప్పి లేదు.

నేను కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. తుఫాను రోజులు. నాన్న ఆ మనవడి నంబరుకు చేస్తూనే ఉన్నాడు, కలవలేదు. కొండ మీద టవరు పడిపోయిందని, రోడ్డు తెగిందని తరవాత తెలిసింది. పెద్దకర్మ కూడా అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం నేస్తం మనవణ్ని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. సముద్రం చూడటం అదే మొదలట. అటు తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు.

నాన్న లేచి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. "రండమ్మా, కూకోండి, ఇంత దూరం వచ్చినారు" అని కుర్చీ వేశాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది, టీ పెట్టడానికి లోపలికెళ్లింది. "మీ తప్పేం నేదమ్మా, తుఫానొస్తే మీరేటి సేస్తారు" అని నాన్న ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. ఆవిడ గ్లాసు ఒళ్లో పట్టుకుని, తాగకుండా, మా ముఖాలవంక ఒక్కొక్కరి వంకా చూస్తూ కూర్చుంది. ఏదో అడగలేక అడుగుతున్న చూపు. ఏడవడం లేదు. ఏడవడానికి ఆ ఇంట్లో ఆవిడకు చోటు దొరకలేదు.

నేను లేచి ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఇప్పుడా వచ్చీది?" అన్నాను. "ఇప్పుడా నీకు దారి దొరికినాది? మామ్మ గుమ్మం వైపే సూస్తా పోయినాది, ఎరికేటి నీకు?"

"ఒసే! పెద్దావిడ్ని పట్టుకుని ఏటా మాటలు?" అని నాన్న అరిచాడు.

నేను ఆగలేదు. ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుంది, ముడి విప్పుకుంది, "నేస్తమో!" అని గొంతెత్తింది. ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని తన దగ్గరకు లాక్కుంది.

"తిట్టే గుంటా" అంది. "ఇంకా తిట్టు."

నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను.